తువ్వాలు బయట ఉంచాలి

జూన్ 3, మంగళవారం

ఈరోజు బట్టలు విప్పకుండానే మూడు టాయిలెట్ల మీద కూర్చుని లేచాను. మొదటిసారి కాస్త సిగ్గేసింది. రెండోదానికల్లా సిగ్గు పోయింది. బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఈ చక్రాల ఇల్లు, ట్రైలర్, కొనడానికి వచ్చినవాళ్ళంతా అదే పని చేస్తున్నారు. బూట్లు విప్పి పరుపు మీద పడుకుంటారు, టాయిలెట్ మీద కూర్చుని తలుపేసుకుంటారు, లేని షాంపూతో తల రుద్దుకుంటారు. మోచేతులు గోడకి తగిలితే బయటికొచ్చి పెదవి విరుస్తారు. నా ముందు ఒకాయన భార్యని షవర్‌లో నిలబెట్టి, "వంగు, కాళ్ళు కడుక్కున్నట్టు వంగు" అన్నాడు. ఆవిడ వంగింది, నెత్తి టపీమని తలుపుకి కొట్టుకుంది. వాళ్ళ బేరం అక్కడితో సరి.

అమ్మే అతని పేరు ట్రెంట్. ట్రైలర్ బరువెంత, మా పికప్ బండి లాగగలదా, వెనక్కి ఎలా తిప్పాలి, అన్నీ మా ఆయన లోవెల్‌కే చెబుతున్నాడు. లోవెల్ వణికే చెయ్యి జేబులో దాచుకుని కాసేపు తలూపాడు. చివరికి, "చూడు బాబూ, నేను స్టీరింగ్ వదిలేసి ఏడాది దాటింది. ఈవిడ రిటైరయ్యేదాకా స్కూలు బస్సు నడిపింది. మంచు మీద, వెనక పిల్లలు జుట్లు పీక్కుంటుంటే. నువ్వు చెప్పేదేదో ఈవిడకి చెప్పు" అన్నాడు.

"అయ్యో, అలాగా మేడమ్!" అన్నాడు ట్రెంట్ నావైపు తిరిగి. "అయితే మీకు వంటిల్లు చూపిస్తా రండి."

వంటిల్లు ఎవడిక్కావాలి! నాకు కావాల్సింది బాత్రూం. అందులో రెండు రకాలు. తడి బాత్రూం అంటే ఒకే పెట్టె. టాయిలెట్టూ, చేతులు కడుక్కునే సింకూ, షవరూ అన్నీ అందులోనే కూరి ఉంటాయి. టాయిలెట్ మూత మీద కూర్చునే నీళ్ళు పోసుకోవాలి, గదంతా తడిసి ముద్దవుతుంది. పొడి బాత్రూంలో షవర్ వేరుగా తెర వెనక ఉంటుంది, టాయిలెట్ మీద చుక్క పడదు. మర్యాదస్తులు వాడేది అది.

లోవెల్ తడి బాత్రూం ఉన్న ఓ చిన్న ట్రైలర్ గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు.

"చిన్నదే" అన్నాడు.

"మన చీపుర్లు పెట్టుకునే గది ఇంతకన్నా నయం" అన్నాను.

"బాగుంది" అన్నాడు.

విననట్టు ముందుకి నడిచాను.

జూన్ 5, గురువారం

వణుకు ఈరోజు తక్కువ. పొడి బాత్రూమే. ఇక ఆ మాట తేలిపోయింది.

జూన్ 8, ఆదివారం

చర్చి అయ్యాక కింద కాఫీల దగ్గర నోరు జారి ట్రైలర్ మాటెత్తాను. ఇంకేముంది, మిన్నసోటా రాష్ట్రంలో తడీ పొడీ గురించి అభిప్రాయం లేని మనిషి పుట్టలేదని తెలిసింది. మగాళ్ళ బల్లంతా పొడి పక్షం. పిల్లలున్నవాళ్ళంతా తడి పక్షం. పాస్టరుగారు కప్పు నింపుకునే నెపంతో నా దగ్గరకొచ్చి, "మేమూ ఒకటి చూస్తున్నాం, ఏది నయమంటావమ్మా?" అని గొంతు తగ్గించి అడిగారు.

అందరికన్నా గట్టిగా అరిచింది జెనీవా. మా పక్కింటావిడ, నాకన్నా పదేళ్ళు పెద్ద. మొగుడు పోయాక కూడా తన బుల్లి ట్రైలర్‌ని ఒంటరిగా లాక్కుని ఊళ్ళు తిరుగుతుంది.

"తడిదే తీసుకోవే మార్డెల్. నీ స్నానం అయ్యేసరికి బాత్రూం కడగడం కూడా అయిపోతుంది. స్వామికార్యం, స్వకార్యం!"

"టాయిలెట్ మీద కూర్చుని తల రుద్దుకోమంటావా?"

"నీ తల నువ్వెక్కడ కూర్చుని రుద్దుకుంటే ఎవడు చూడొచ్చాడే? ఒక్కటే గుర్తుపెట్టుకో. నీళ్ళు తిప్పే ముందు తువ్వాలూ, టాయిలెట్ పేపరూ బయట పెట్టుకోవాలి. కొత్తలో నేను ఎన్నిసార్లు మర్చిపోయానో! పేపరు చుట్ట చుట్టంతా గంజి."

అందరూ పడీపడీ నవ్వారు. లోవెల్ మాత్రం తల వంచుకుని యాపిల్ పై ముక్క తింటున్నాడు. ఫోర్కుతో కాదు, చెంచాతో. ఈమధ్య అన్నీ చెంచాతోనే.

ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాసుకుంటాను. మార్చిలో ఇంట్లో స్నానాల తొట్టి గట్టు దాటబోయి పడ్డాడు. పార్కిన్సన్స్ వచ్చాక గుమ్మాల దగ్గరా గట్ల దగ్గరా కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. దెబ్బ తగల్లేదు. నేనే లేపాను, సబ్బు కడిగాను, ఒళ్ళు తుడిచాను. గోడకేసి చూస్తూ అన్నాడు. "మార్డెల్, నాకు నువ్వు స్నానం చేయించాల్సిన రోజంటూ వస్తే ఇక ప్రయాణాలూ లేవు, గియాణాలూ లేవు. కౌంటీవాళ్ళ వృద్ధాశ్రమంలో చేర్చెయ్. అక్కడివాళ్ళకి ఆ పనికి జీతమిస్తారు." ఆ రోజు నుంచి తొట్టిలో దిగలేదు. సింకు దగ్గర నిలబడి తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటాడు. నేను ఇవతల గదిలో పళ్ళేలు తోముతున్నట్టు చప్పుడు చేస్తూ ఉంటాను.

వారాల తరబడి తడిగుడ్డతో తిరగలేం. స్నానం సంగతి తేలితేనే ఈ వేసవి మోంటానా ప్రయాణం. అందుకే పెద్ద పొడి బాత్రూం. విశాలంగా ఉంటే తనే చేసుకుంటాడు. కావాలంటే నేనూ లోపల నిలబడొచ్చు. కావాలంటేనే.

జూన్ 14, శనివారం

వచ్చే వారాంతానికి ఒక ట్రైలర్ అద్దెకి తీసుకుంటున్నాం. కొనే ముందు వాడి చూడడం మంచిదని నేనే అన్నాను. పొడి బాత్రూం. బటన్ నొక్కితే సోఫాతో సహా ఒక పక్క గోడ గోడంతా బయటికి జరుగుతుంది. అప్పుడు నడవా డాన్సు హాలంత అవుతుంది. మళ్ళీ బయల్దేరేటప్పుడు లోపలికి లాగేసుకోవాలి.

"గోడ లోపలికి లాగి చూశావా?" అని జెనీవా కంచె అవతల నుంచి అడిగింది.

"బస్సు తలుపు ఎలా మూస్తారో నాకు నువ్వు నేర్పుతావా?" అన్నాను.

జూన్ 21, శనివారం

చేరాం. సరస్సు పక్కనే మంచి చోటు దొరికింది. దారిలో చిన్న ఇబ్బంది. పెద్ద విషయమేమీ కాదు.

జూన్ 22, ఆదివారం

పొద్దున్నే లేచాను. లోవెల్ పడుకునే ఉన్నాడు. నిద్రపోవడం లేదు, పడుకుని ఉన్నాడు.

ట్రైలర్ హాయిగా వెంటొచ్చింది. ఎదురుగాలిలోనూ అటూఇటూ ఊగలేదు. చోటులోకి వెనక్కి తిప్పి ఒక్కసారికే పెట్టాను, పక్క చోటులో ఉన్న మగాళ్ళు కుర్చీలు నావైపు తిప్పుకుని మరీ చూశారు.

ఆ చిన్న ఇబ్బంది. రాసేస్తే పోతుంది.

హైవే మీద లోవెల్ ఉన్నట్టుండి "ఆపు" అన్నాడు. ఈమధ్య ఒంటేలు చెప్పి రాదు. మొక్కజొన్న చేల పక్కన ఆపాను. భయపడలేదు. అందుకేగా వెనకాల టాయిలెట్ లాక్కొస్తున్నది! ట్రైలర్ మెట్లెక్కించాను. లోపల గోడ లాగేసి ఉంది. సోఫా వచ్చి బాత్రూం తలుపుకి ఆనుకుని ఉంది. తలుపు బెత్తెడే తెరుచుకుంది. ట్రెంట్ దగ్గర గోడ ఎప్పుడూ బయటికి జరిపే ఉంటుంది. లాగి చూపించమని అడగాలని నాకు తోచలేదు. ఇన్నేళ్ళు బండి నడిపిన దాన్ని.

పరిగెత్తి బటన్ నొక్కాను. అది తాపీగా, పెళ్ళినడక నడుస్తూ జరిగింది. లోవెల్ ఆ బెత్తెడు సందులోంచి టాయిలెట్‌ని చూస్తూ నిలబడ్డాడు. తలుపు తెరుచుకునేసరికి అంతా అయిపోయింది.

"ఇక మూసెయ్, మార్డెల్" అన్నాడు.

ఇక్కడికొచ్చాక స్నానం తప్పలేదు. షవర్ అడుగున గట్టు దాదాపు మోకాలెత్తుంది. కాలు లేవలేదు. నా బూటు తన పాదం ముందు పెట్టాను. ఇంట్లో గుమ్మాల దగ్గర అలా పెడితే దాన్ని దాటుతూ అడుగేస్తాడు. ఇక్కడ అదీ పని చెయ్యలేదు. దాంతో నేనే లోపలికి వెళ్ళి పట్టుకుని ఎక్కించాను. ఇద్దరం చక్కగా సరిపోయాం. అదే కదా నేను మొదటి నుంచీ చెబుతున్నది. వీపు రుద్దాను, కాళ్ళు కడిగాను, తలకి షాంపూ పెట్టాను. తను అంతసేపూ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

బాగా జరిగింది. చోటుకి కొదవే లేదు.

జూన్ 23, సోమవారం

ట్రైలర్ తిరిగిచ్చేశాం. వాన పడింది. మొక్కజొన్నకి మంచిది.

జూన్ 24, మంగళవారం

బాగానే జరిగింది. స్నానం మాట అంటున్నాను. అది బాగానే జరిగింది.

జూన్ 29, ఆదివారం

భోజనాల దగ్గర లోవెల్ చెంచా కింద పెట్టి, "ట్రైలర్ మానేద్దాం" అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెలుసు. మార్చిలో చెప్పాను."

"ఒక్కసారి గోడ అడ్డమొచ్చింది, అంతే కదా! గోడ లేనిది చూద్దాం."

"నేను గోడ గురించి అనడం లేదు."

"మరి మోంటానా?"

"మోంటానా ఎక్కడికీ పారిపోదులే."

"పారిపోతోంది నువ్వు!" అన్నాను. గట్టిగానే అన్నాను. లేచి పళ్ళేలు తీసేశాను, తను ఇంకా తింటున్నాడని కూడా చూసుకోలేదు.

పెళ్ళికి ముందు లోవెల్ మోంటానాలో ఒక నది మీదుగా కరెంటు తీగ లాగాడు. ఆ గట్టు నుంచి ఈ గట్టుకి. చలికి వేళ్ళు కొయ్యబారిపోయి, పట్టుకున్న పనిముట్టు చేతిలో ఉందో జారిపోయిందో కూడా తెలిసేది కాదట. తర్వాత ఇక్కడే సహకార విద్యుత్ సంస్థలో చేరి, రిటైరయ్యేదాకా ఎన్ని వేల స్తంభాలెక్కాడో, అయినా చెప్పేది మాత్రం ఆ ఒక్క తీగ గురించే. "ఎప్పటికైనా నీకది చూపించాలి" అంటాడు. సెలవులొస్తే ఇల్లు బాగుచేసుకున్నాం, తుఫానులొస్తే తీగలు బాగుచెయ్యడానికి తను వెళ్ళిపోయేవాడు, నాకు బస్సు, కుదరనేలేదు. వెళ్తే ఈ వేసవే వెళ్ళమని డాక్టరు అన్నాడు. వచ్చే వేసవి మాట ఎవరూ ఎత్తడం లేదు.

నా బస్సు మంచులో కూరుకుపోయినప్పుడు నేను రేడియోలో ఏడవలేదు. దిగి పార అందుకున్నాను. ఇప్పుడూ అంతే. మోంటానా వెళ్తున్నాం. బాత్రూం దొరకాలి, అంతే.

జూలై 4, శుక్రవారం

స్వాతంత్ర్య దినం ఊరేగింపు. పిల్లలు ట్రాక్టర్ల మీద నుంచి మిఠాయిలు విసిరారు. అందరూ ట్రాక్టర్లు చూస్తుంటే లోవెల్ వాటి పైనున్న తీగలు చూశాడు.

జూలై 11, శుక్రవారం

ట్రెంట్ ఫోన్ చేశాడు. జరిగే గోడల్లేని పెద్దది ఒకటి వచ్చిందట. బాత్రూం ట్రైలర్ వెడల్పంతా ఉందట. రేపు చూస్తానన్నాను. లోవెల్ రానన్నాడు. పికప్‌లో కూర్చుంటే చాలన్నాను.

జూలై 12, శనివారం

పికప్‌లోనే కూర్చున్నాడు. రేడియోలో బేస్‌బాల్ పెట్టి ఇచ్చి, నేను ట్రెంట్ వెంట వెళ్ళాను.

ట్రెంట్ తెలివిమీరాడు. ఈసారి బరువులూ బ్రేకులూ నాకే చెప్పాడు. బాత్రూం నిజంగానే పెద్దది. అందులో చిన్న పెళ్ళి జరిపించొచ్చు. కూర్చున్నాను, నిలబడ్డాను, లేని సబ్బుతో ఒళ్ళంతా రుద్దుకున్నాను. ఇద్దరికీ సరిపోతుందా లేదా అని ట్రెంట్‌ని కూడా లోపల నిలబెట్టి చూశాను. పాపం, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

లోవెల్‌కి చూపిద్దామని బయటికొస్తే పికప్ ఖాళీ. రేడియో మోగుతూనే ఉంది.

ఆ వరసల్లో పడిపోతే ట్రైలర్ల మధ్య ఎవరికీ కనబడడు. పేరు పెట్టి అరుచుకుంటూ తిరిగాను. చివరి వరసలో, వాడేసిన పాతవి పెట్టేచోట, గుడ్డు ఆకారంలో ఒక బుల్లి ట్రైలర్. మెట్టు పక్కన లోవెల్ చేతికర్ర ఆనించి ఉంది.

లోపలికి తొంగిచూశాను. మంచం ఉంది, మనిషి లేడు. బాత్రూం తలుపు మూసి ఉంది.

"లోవెల్?"

"ఉన్నా."

"పడ్డావా?"

"లేదు. స్నానం చేస్తున్నా."

తలుపు మీద చెయ్యి వేశాను.

"ఆగు. ఇంకా కాళ్ళు కడుక్కోవాలి" అన్నాడు లోపల నుంచి.

మంచం అంచున కూర్చుని, తను కాళ్ళు కడుక్కునేదాకా ఆగాను. ఇంకేం చెయ్యను? కాసేపటికి తలుపు తీశాడు. మూతేసిన టాయిలెట్ మీద కూర్చుని ఉన్నాడు. బట్టలన్నీ ఒంటి మీదే ఉన్నాయి, టోపీతో సహా. చేతిలో నీళ్ళు రాని షవర్. తడి బాత్రూం. నేను చీపుర్ల గది అన్న రకం.

"చూడు" అన్నాడు. కుడివైపుకి ఒరిగాడు. గోడ భుజాన్ని ఆపింది. ఎడమవైపుకి ఒరిగాడు. అటు గోడ ఆపింది. ముందుకి వంగాడు, మోకాళ్ళు తలుపు చట్రానికి తగిలాయి. "ఇందులో పడదామన్నా చోటు లేదు."

"లోపలికి ఎలా వెళ్ళావు? కాళ్ళు అతుక్కుపోలేదా?"

"గట్టు లేదుగా. చూడు, బూటు అడుగంత ఎత్తు కూడా లేదు. వెనక్కి తిరిగి కూర్చోవడమే."

చూశాను. తన ముఖం చాలా రోజుల తర్వాత వెలుగుతోంది. నేను చూసింది మాత్రం ఆ ఇరుకు.

"నీకేదన్నా అయితే నేను లోపలికి ఎలా రాను లోవెల్?"

"రాలేవు."

"మరి?"

"అదే చెబుతున్నా. రెండో మనిషికి చోటు లేదు. నాకు కావాల్సింది అదే."

వెనకాల ట్రెంట్ రొప్పుకుంటూ వచ్చాడు. "ఇక్కడున్నారా సార్! ఇది తడి బాత్రూమండీ, మామూలుగా మీ వయసువాళ్ళకి మేం ఇవి చూపించం..."

"బాబూ, స్నానం చేసే మనిషిని పలకరించకూడదు" అని లోవెల్ తలుపేసుకున్నాడు.

ఇంటికొచ్చేదాకా రేడియో గొంతు పెంచి బండి నడిపాను.

జూలై 13, ఆదివారం

ఇన్నేళ్ళు ఒక మంచం మీద పడుకున్నాక నేను రెండో మనిషిని!

చర్చికి వెళ్ళలేదు. కొయ్యకూడని కాలమని తెలిసీ పెరట్లో పుల్లటి రుబార్బ్ కాడలన్నీ కోసేశాను. ఇప్పుడు వాటిని ఏం చేసుకోవాలో తెలీడం లేదు. ఏడిచాను కూడా. షెడ్‌లో.

ఎవరి కోసం ఈ తిరుగుడంతా? ఎవరి కోసం కూర్చున్నాను ఊళ్ళో ఉన్న టాయిలెట్లన్నిటి మీదా? పెద్ద బాత్రూం తన కోసమే కదా. తన సుఖం కోసమే కదా. నేను లోపల నిలబడేది కావాలంటేనే అని అన్నాను కదా.

కావాలన్నది ఎవరు?

జూలై 14, సోమవారం

తను సింకు దగ్గర తడిగుడ్డతో తుడుచుకుంటున్నాడు. నేను పళ్ళేలు తోముతున్నట్టు చప్పుడు చేశాను.

జూలై 15, మంగళవారం

కిరాణా కొట్టుకని చెప్పి ట్రెంట్ దగ్గరికి వెళ్ళాను. ఆ గుడ్డు ట్రైలర్ తాళం అడిగి, ఎవరూ వెంట రావద్దన్నాను.

మూత మీద కూర్చుని తలుపేసుకున్నాను. జూన్‌లో కూర్చున్నప్పుడు నేను నాలాగే కూర్చున్నాను. నా మోచేతులు, నా మోకాళ్ళు, నా మర్యాద. ఈసారి లోవెల్‌లాగా కూర్చున్నాను. కళ్ళు మూసుకుని చేతులు వణికించాను. వణుకుతున్న మోచేతికి గోడ అందింది, చెయ్యి కుదురుకుంది. లేచి నిలబడబోయి కావాలనే తూలాను. తూలడానికి సందు లేదు. షవర్ చేతికి అందేచోటే ఉంది. సబ్బు పెట్టుకునే గూడు ఒళ్ళోనే ఉన్నట్టుంది. ఇంకో మనిషి అక్కర్లేని గది అది.

ఆ సరస్సు దగ్గర తను గోడకేసి ఎందుకు చూశాడో ఆ గదిలో కూర్చుంటే తెలిసింది. బాగా జరగలేదు. నేను బాగా చేశాను, అంతే. తనకి బాగా జరగలేదు.

తలుపు బయటికి తెరుచుకుంటుందో లేదో చూశాను. తెరుచుకుంటుంది. గొళ్ళెం బయట నుంచి నాణెంతో తిప్పినా వస్తుంది. ఇక నాకేం కావాలి?

కిరాణా సామాను మర్చిపోయి వచ్చాను.

జూలై 16, బుధవారం

కాఫీ పోస్తూ, "ఆ చీపుర్ల గది కొందామా?" అన్నాను.

లోవెల్ నా ముఖంలోకి చూశాడు, ఎగతాళి చేస్తున్నానేమోనని.

"నిజంగానే అంటున్నావా?"

"నిన్న వెళ్ళి స్నానం చేసొచ్చాను. బాగానే ఉంది."

నవ్వాడు. కప్పులో కాఫీ తొణికింది, తుడవబోయి ఆగాను. తనే తుడుచుకున్నాడు.

"నాదొక షరతు" అన్నాడు. "నేను లోపలున్నప్పుడు తలుపు తట్టకూడదు. అయిందా, ఏమైంది, బతికున్నావా, ఇవేవీ అడక్కూడదు."

"పడితే?"

"పడను."

"పడితే, లోవెల్."

కప్పు కింద పెట్టాడు. "పిలుస్తాను."

"ఒట్టు?"

"ఒట్టు."

"నువ్వు పిలిస్తే మాత్రం రెండో మనిషీ మూడో మనిషీ అని చూడను. గోడ కోసైనా వస్తాను."

"నువ్వొస్తావని నాకు తెలుసులేవే" అన్నాడు.

జూలై 19, శనివారం

గుడ్డు మా ఇంటికొచ్చింది. సంతకాలప్పుడు ట్రెంట్ అలవాటు చొప్పున లోవెల్‌ని అడిగాడు, "మరి లాగే ఏర్పాట్లన్నీ సరిగ్గా ఉన్నాయా సార్?" అని.

"డ్రైవరు నీ ఎదురుగానే ఉంది, ఆవిణ్ణి అడుగు. నేను స్నానం చేసేవాణ్ణి మాత్రమే" అన్నాడు లోవెల్.

జూలై 22, మంగళవారం

లోవెల్ బాత్రూంలో పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించాడు. మరలు చేతిలోంచి జారి మూడుసార్లు కిందపడ్డాయి. మూడుసార్లూ నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. నిలబడగలిగాను.

జూలై 26, శనివారం

కొత్త ట్రైలర్‌తో మొదటి రాత్రి ఎవరైనా ఇంటి ముందరే గడుపుతారు. ఏది కారుతుందో, ఏది మర్చిపోయామో వాకిట్లో తెలిస్తే ఫర్వాలేదు. పచ్చికకి పెట్టే గొట్టంతో నీళ్ళు పట్టి, ఇంట్లోంచి కరెంటు తీగ లాగి, రాత్రి ఆ గుడ్డులోనే పడుకున్నాం. పడుకున్నామంటే తను పడుకున్నాడు. నేను తెల్లారాక జరగబోయే స్నానం గురించి ఆలోచించాను.

పొద్దున జెనీవా మడత కుర్చీ, కాఫీ కప్పు పట్టుకుని వచ్చి వాకిట్లో కూర్చుంది. వినోదం చూడాలిగా. లోవెల్ శుభ్రమైన బట్టలు మంచం మీద పెట్టుకుని, మాత్ర పని చేయడం మొదలయ్యేదాకా ఆగి లేచాడు. బాత్రూం ముందు వెనక్కి తిరిగాడు. కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. నా బూటు ముందుకి పెట్టబోయి ఆపుకున్నాను. తనలో తనే ఏదో కూనిరాగం తీసుకుని, ఆ పాట మీద అడుగు వెనక్కేసి కూర్చున్నాడు.

"షరతు గుర్తుందా?" అన్నాడు.

"ఉంది."

తలుపేసుకున్నాడు.

నీళ్ళ చప్పుడు. ఆగింది. సబ్బు రుద్దుకునేటప్పుడు కట్టేసుకోవాలి, వేడినీళ్ళ పీపా చిన్నది. మళ్ళీ చప్పుడు. మళ్ళీ ఆగింది. నేను మంచం అంచున చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మార్చి నుంచి ఈ మనిషి ఒంటి మీద నీళ్ళు నిండుగా పడింది ఒక్కసారి, అది కూడా నా చేతుల మీదుగా.

ధబ్బుమని ఏదో పడింది.

లేచి నిలబడ్డాను. నాణెం చేతిలోనే ఉంది. పొద్దుటి నుంచీ ఉంది. గొళ్ళెం దాకా వెళ్ళాను. లోపల ఏ చప్పుడూ లేదు. పిలుస్తానన్నాడు. ఒట్టు పెట్టాడు. పిలవలేదు. తట్టకూడదు. పిలవలేదు కదా. పిలవలేనంతగా పడ్డాడేమో. ఇంత ఇరుకులో ఎలా పడతాడు? బస్సు నడిపిన ఇన్నేళ్ళలో ఇంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"మార్డెల్!"

తలుపు మీద పడ్డాను. "ఏమైంది? ఎక్కడ తగిలింది?"

"పేపరు!"

"ఏ పేపరు?"

"టాయిలెట్ పేపరే! బయట పెట్టడం మర్చిపోయా. షాంపూ సీసా కింద పడితే తియ్యబోయి చూశా. చుట్టంతా గంజి!"

"చెప్పానా లేదా! చెప్పానా లేదా!" అని జెనీవా వాకిట్లోంచి అరుస్తూ కుర్చీ చేతుల మీద చరిచింది. లోపల లోవెల్ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ పెట్టెలో నవ్వు బుంగలో పలికినట్టు పలికింది. నేను తలుపుకి నుదురు ఆనించి నవ్వాను. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి, నవ్వుకో దేనికో తెలీదు.

మళ్ళీ నీళ్ళు తిప్పాడు. తల కడుక్కున్నాడు. తీరిగ్గా, పాట పాడుకుంటూ. వేడినీళ్ళు అయిపోయేదాకా వదల్లేదు.

కాసేపటికి తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఆవిరి బయటికొచ్చింది, దాని వెనకే లోవెల్ చెయ్యి, అరచెయ్యి పైకి పెట్టి. వణుకుతోంది. వేళ్ళ చివరలు నీళ్ళకి ముడతలు పడి ఉన్నాయి.

"తువ్వాలు" అన్నాడు.

ఇచ్చాను. చెయ్యి వెంటనే లోపలికి పోలేదు. తువ్వాలుతో పాటు నా మణికట్టు కూడా పట్టుకుంది. తడిగా, వెచ్చగా, గట్టిగా.

"మార్డెల్, మోంటానాలో పొద్దున్నపూట చలెక్కువ" అన్నాడు తలుపు వెనక నుంచి. "ఇంకో తువ్వాలు కూడా పెట్టు."

నాలుగు పెట్టాను.